ఎడమ చెవి నాది

అక్టోబరు 5, ఆదివారం

పాప్‌కార్న్ డబ్బా మొత్తం నేనే తిన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచి సినిమా హాల్లో నా నోరు మాటల్లేకుండా ఉండడం ఇదే మొదటిసారి. మామూలుగా అయితే అది వాసు ఎడమ చెవి దగ్గర ఉండాలి. చివరి వరసలో గోడ పక్క సీట్లు తీసుకుంటాం, ఎవరికీ అడ్డం లేకుండా. తెరమీద ఏం జరుగుతుంటే అది గుసగుసగా చెప్పుకుంటూ పోతాను. బయటికొచ్చేసరికి నా గొంతు ఆరిపోయి ఉంటుంది. వాసు నాకు సోడా కొనిపెడతాడు. అదీ మా ఆదివారం.

ఈ రోజు ఆ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. కుడి చెవిలోనూ ఉంది. ఫోనులో ఏదో యాప్ అట. హాల్లో శబ్దం విని సినిమా ఎక్కడ నడుస్తోందో అదే పట్టేసుకుంటుందట. పాత్రలు మాట్లాడని చోట ఒక గొంతు వచ్చి, తెరమీద ఏముందో చెబుతుందట. ఆడియో డిస్క్రిప్షన్ అంటారట. చూపు లేనివాళ్లు ఎవరి సాయమూ లేకుండా సినిమా చూడొచ్చట. ఈ 'ఎవరి సాయమూ లేకుండా' అన్న ముక్కని కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా ఆటోలో చెబుతూనే ఉన్నాడు. ఆటోవాడు కూడా అబ్బురపడిపోయాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

నేను చెప్పినప్పుడు వాసు ఎప్పుడూ ఆలస్యంగా నవ్వుతాడు. ముందు హాలంతా నవ్వుతుంది, ఎందుకో నేను చెబుతాను, అందరూ ఆగిపోయాక ఇతనొక్కడూ గొల్లుమంటాడు. ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ నవ్వు నా ఒక్కదానిదే. ఈ రోజు అందరితో పాటే నవ్వాడు. వాళ్ల నవ్వులో ఇతని నవ్వు ఏదో నాకు వినబడలేదు.

ఇంటర్వెల్లో అడిగాను. "ఏటి బావా, అర్థమవుతందా?"

"ఓలమ్మ! ఎంత బాగా సెప్తందే సూరీ ఈ పిల్ల! హీరోయిన్ మెడలో సన్న గొలుసు ఉందని కూడా సెప్పింది."

పిల్ల అట. గొంతు వినే వయసు కట్టేశాడు.

నేను హీరోయిన్లకి గొలుసులు చెప్పను. 'హీరోయిన్ వచ్చింది, పచ్చ చీర, జాకెట్ చేతులు సరిగ్గా కుట్టలేదు' అంటాను. ఒకదానికి నుదురు మరీ వెడల్పు, ఇంకోదానికి నడక బాతు నడక. "నా రాత ఏటోగానీ, ఒక్క అందమైన హీరోయిన్ కూడా నా వాటాకి రాలేదే" అని వాసు నవ్వేవాడు. ఉన్నదే చెప్పాను. కుట్టుపని చేసేదాన్ని, జాకెట్ చేతులు నాకు తెలియవా?

అక్టోబరు 6

నాకేం కుళ్లు లేదు. ఉంటే ఇక్కడ రాసుకునేదాన్ని కదా. ఇది వాసు చదవలేడు, ఇంకెవరికీ చూపించను. ఇందులో అబద్ధమాడి నాకొచ్చేదేముంది?

అక్టోబరు 9

ఆ గొంతుకి పేరు కూడా ఉంది. హిమబిందు. ఈ ఊరి పిల్లే. కొందరు కలిసి తెలుగులో ఇలాంటివి తయారుచేస్తున్నారట. సినిమాలు తీసేవాళ్ల చుట్టూ, హాళ్ల వాళ్ల చుట్టూ తిరిగి 'మీ సినిమాకి ఇది పెట్టండి, మీ హాల్లో దీని గురించి బోర్డు పెట్టండి' అని అడుగుతున్నారట. రాసింది సరిగ్గా ఉందో లేదో చూపున్నవాళ్లకి తెలియదట. చూపు లేనివాళ్లే విని చెప్పాలట, ఇక్కడ అర్థం కాలేదు, ఇక్కడ మాట ఎక్కువైంది అని. ఆ పనికి వాసుని పెట్టుకున్నారు.

దువ్వాడలో బ్యాంకు నుంచి రావడం, కాళ్లు కడుక్కోవడం, బాల్కనీలో కుర్చీ వేసుకుని చెవుల్లో ఆ పిల్లని పెట్టుకోవడం. తనలో తను నవ్వుకుంటాడు. ఆగి, ఫోను దగ్గరగా పెట్టుకుని వాయిస్ మెసేజ్ పంపుతాడు. "హిమబిందు గారూ, వర్షం అని మీరు సెప్పక్కర్లేదండి, సప్పుడు ఇనబడతంది గదా." గారూ, అండీ! బ్యాంకు మేనేజరుతో కూడా ఇంత మెత్తగా మాట్లాడడు.

నేను లోపల మిషన్ తొక్కుతున్నాను. "సూరీ, కాసేపు మిషన్ ఆపుతావేటే?" అన్నాడు.

ఆపాను. దీపావళి జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. అయినా ఆపాను.

అక్టోబరు 12, ఆదివారం

ఆ మహాతల్లి ఇంటికొచ్చింది.

వాసు పొద్దున్నే షర్టు మార్చాడు. మళ్లీ మార్చాడు. "ఈ షర్టు ఏ రంగే?" అంటే, "ఏ రంగైతే నీకెందుకు, వచ్చేది పెళ్లిసూపులకి కాదు గదా" అన్నాను. నీలం రంగు. బాగుంటుంది అతనికి. చెప్పలేదు.

నేను వంజరం చేప పులుసు పెట్టాను. అతిథి మర్యాద కోసమే. కారం కాస్త ఎక్కువ పడింది. చెయ్యి జారింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని కూడా "అక్కా, ఎంత బాగుందో!" అని రెండోసారి వేయించుకుంది. దాని మీద కోపం కూడా సరిగ్గా నిలబడనివ్వదు.

పాతికేళ్లుంటాయేమో. అంత పెద్ద కళ్లు, అంత శుభ్రమైన కళ్లు నేను దగ్గరగా చూసి చాలాకాలమైంది.

"అక్కా, మీరు సర్‌కి సినిమాలు ఎలా చెబుతారు? నాకు నేర్చుకోవాలనుంది" అంది.

"ఏటుంది, నోటికొచ్చింది సెప్తాను."

వాసు అందుకున్నాడు. "మా సూరి సెప్తే సినిమా ముందే అయిపోద్దండి. విలన్ తలుపెనకాల ఉన్నాడని హీరోకన్నా ముందు నాకు తెలిసిపోద్ది. ఎవడు మంచోడో ఎవడు ఎదవో మొదట్లోనే సెప్పేస్తది."

ఇద్దరూ నవ్వారు. అప్పుడు ఆ పిల్ల తన పద్ధతులు చెప్పింది. కనిపించింది చెప్పాలి, అనిపించింది చెప్పకూడదు. జరగబోయేది చెప్పకూడదు. పాత్ర మాట్లాడుతుంటే దాని మీద మన గొంతు పడకూడదు. నేను ఇన్నేళ్లుగా ఈ మూడు తప్పులూ చేస్తూనే ఉన్నాను, నన్నెవరూ ఇంతవరకు తప్పుపట్టలేదు. మా ఇంట్లో కూర్చుని, నా పులుసు తింటూ, నాకే పాఠం.

వెళ్లిపోయాక వాసు అడిగాడు. ఎవరొచ్చి వెళ్లినా అడుగుతాడు, మా అలవాటు.

"ఎలగుంటాదే మనిషి?"

"పొట్టి" అన్నాను. కాదు, నాకన్నా ఎత్తు. "మనిషి పర్వాలేదు. మెల్లకన్ను."

వాసు మూతి బిగపట్టి, "ఓహో. అయితే అందగత్తే అన్నమాట" అన్నాడు.

విన్నావా దేవుడా! మెల్లకన్ను ఉందని చెప్పినా అందగత్తేనట! అంతగా ఎక్కిపోయింది తలకి. గిన్నెలు ఎత్తి పడేశాను. కావాలనే చప్పుడు చేశాను. "వంజరం బాగుందే" అని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

అక్టోబరు 13

ఇన్ని మాటలుండగా ఆ మాటే ఎందుకొచ్చిందో నా నోటికి. ఎత్తుపళ్లు అనొచ్చు. బట్టతల అనొచ్చు.

అక్టోబరు 20, దీపావళి

కింద పిల్లలు కాలుస్తున్నారు. చిచ్చుబుడ్డి ఎలా ఉందని అడిగాడు. మొదట బంగారం రంగు, చివర్లో వెండి అన్నాను. "ఎంత ఎత్తు?" అన్నాడు. ఇదివరకు ఎత్తులు అడిగేవాడు కాదు. బంగారం, వెండి అంటే సరిపోయేది. ఆ పిల్ల ఎత్తులు కూడా చెబుతుంది కాబోలు.

"మన గుమ్మమంత" అన్నాను. నిజానికి అంతకన్నా ఎత్తే లేచింది. ఎందుకు తగ్గించానో.

అక్టోబరు 28

తుఫాను. పొద్దుట్నుంచి ఒకటే గాలి, వాన. కరెంటు పోయింది. బ్యాంకు లేదు. మధ్యాహ్నానికి వాసు ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది.

ఆ గొంతు చచ్చిపోయింది. హాయిగా ఉంది.

కిటికీ దగ్గర కూర్చుని "ఏటవుతందే బయట?" అన్నాడు. చెప్పాను. ఎదుటింటి వాళ్ల రేకు లేచి ఎక్కడో పడిందని, పైన ఆరేసిన లుంగీ ఒకటి గాల్లోనే తిరుగుతోందని, దాని సొంతదారు గొడుగేసుకుని దాని వెనకాల పరిగెడుతున్నాడని, గొడుగు తిరగబడిందని, వాడి మొహం చూస్తే నవ్వొస్తోందని, ఆ లుంగీ ఇక దొరకదని. అనిపించింది చెప్పాను, జరగబోయేది చెప్పాను, అన్నీ చెప్పాను. వాసు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాడు. లుంగీ నిజంగానే దొరకలేదు.

ఇలా చెప్పడంతోనే శ్రీకాకుళం బస్సులో మొదలైంది మా కథ. వీడియోలో సినిమా వేశారు. పక్క సీట్లో కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి, "ఏటనుకోకండి, ఇప్పుడేటవుతందండీ?" అన్నాడు. వైజాగ్ బస్టాండు కాంప్లెక్స్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. దిగేముందు "మీరెలా ఉంటారండీ?" అని అడిగాడు. "బాగానే ఉంటాను. పెద్ద కళ్లు" అన్నాను. అబద్ధం కాదది. పెద్దవే.

సాయంత్రం కరెంటొచ్చింది. ముందుగా ఫోను ఛార్జింగ్ పెట్టుకున్నాడు.

నవంబరు 4

నా కొంప మునిగింది.

గాజువాకలో పాత సినిమా హాలు ఒకటుంది, దాని ఓనరు పోలిరాజు గారు. ఆయన్ని వాసు, హిమబిందు వాళ్లు కలిశారు. ప్రతి ఆటకీ ముందు తెరమీద ఒక స్లయిడు వేయాలని, చూపు లేనివాళ్లు వస్తే సీటు దాకా తీసుకెళ్లడానికి ఒక మనిషిని పెట్టాలని అడిగారు. ఆయన, "సూపు లేనోళ్లు సినిమాకెందుకొత్తారమ్మా, రేడియో ఇనుకోక!" అన్నాడట. వాసుకి మండిపోయింది. "ఒక్క పొద్దుట మీ హాలియ్యండి సార్. మీ కళ్లకి గుడ్డ కట్టి కూసోబెట్టి సూపిత్తాం, ఎందుకొత్తామో" అని పందెం కట్టినట్టు అనేసి వచ్చాడు. ఆయన సరే అన్నాడు. డిసెంబరు మూడు, వికలాంగుల దినం. ఆ రోజు గనక ఆయన తల అడ్డంగా ఊపితే ఇంక ఈ ఊళ్లో ఏ హాలు వాడూ వీళ్ల మాట వినడట. వాసు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఇంత పట్టుదల నేను ఇతనిలో చూడలేదు.

బాగానే ఉంది. కానీ ఏం చూపిస్తారట? సినిమా ముక్క వేస్తే ఎవరి హక్కులో అడ్డొస్తాయట. అందుకని మా పెళ్లి వీడియో వేస్తారట! నన్ను అడగకుండానే ఇచ్చేశాడు. "మనదే గదే, ఎవడడుగుతాడు?" అంటాడు.

హాలు తెర మీద, నా మొహం. హిమబిందు మైకులో చెబుతుంది. కనిపించింది చెప్పాలి.

అద్దం ముందు నిలబడ్డాను. కుడి పక్కకి తిరిగితే బాగానే ఉంటాను. ఫోటోలన్నీ అలాగే తీయించుకుంటాను, ఆధార్ కార్డులో తప్ప. ఎదురుగా చూస్తే ఎడమ కన్ను ముక్కు వైపు పోతుంది. చిన్నప్పుడు మా ఫిషింగ్ హార్బర్లో పిల్లలు ఏమని పిలిచేవారో రాయను. బస్సులో ఆ పక్క సీటు అబ్బాయి ఒక్కడే ఆ కన్ను కేసి చూడకుండా నాతో మాట్లాడాడు. చేత్తో నా మొహం తడిమినా మెల్లకన్ను వేళ్లకి తగలదు. పెళ్లయ్యాక వాసు ముందు ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తాలి?

ఇప్పుడు అదెవత్తో వచ్చి చెబుతుంది, అతని రెండు చెవుల్లోనూ.

నవంబరు 5

అమ్మ దగ్గరికి వెళ్లాను. తెల్లారకుండానే చేపలమ్మడానికి హార్బర్లో ఉంటుంది కదా, అక్కడికే. బోట్లు వచ్చేశాయి. చేపల వేలంపాట జోరుగా సాగుతోంది. అమ్మ తట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నేనేం చెప్పకుండానే, "ఏటే సూర్యకళా, మొగుడు తిట్టినాడా?" అంది.

మొత్తం చెప్పాను. రొయ్యలు ఏరుకుంటూ విన్నది.

"ఇంతకీ ఆ పిల్ల గొంతు సూసి ఏడుత్తన్నావా, కళ్లు సూసి ఏడుత్తన్నావా?"

"నానేం ఏడవట్లేదు."

"సర్లే. ఈ రొయ్యలట్టుకెళ్లు. అల్లుడికిష్టం."

నాకూ ఇష్టమే రొయ్యలంటే. ఎవరికీ గుర్తుండదు.

నవంబరు 9, ఆదివారం

సినిమాకి రానన్నాను, తలనొప్పి అని. ఒక్కడే వెళ్లొచ్చాడు. ఎవరి సాయమూ లేకుండా. రోడ్డు దాటేటప్పుడు కర్ర చప్పుడు వినబడినంత దూరం బాల్కనీలోంచి చూశాను. వచ్చాక సోడా తాగావా అని అడిగాను. "ఎందుకే, నా గొంతేం ఎండిపోలేదు గదా" అన్నాడు.

నవంబరు 12

బాల్కనీలో పెళ్లి వీడియో పెట్టుకుని వింటున్నాడు. ఆ బ్యాండు గోల నేను భరించలేను. నేను ఎప్పుడు చూసినా శబ్దం పూర్తిగా తీసేసి చూస్తాను. ఇతనేమో మధ్యమధ్యలో అదే వెనక్కి తిప్పుకుని వింటాడు, ఇన్నేళ్లుగా అంతే. ఏముందో ఆ గోలలో.

నవంబరు 17

వాసు బ్యాంకుకి వెళ్లాక హిమబిందు వచ్చింది. కావాలనే అతను లేనప్పుడు వచ్చానంది. ల్యాప్‌టాప్ తెరిచి, నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇది మీరు వినకుండా నేను ఎక్కడా చదవను" అంది. చదివింది.

"పెళ్లికూతురు వస్తోంది. చామనఛాయ. పసుపు చీర, ఎర్ర అంచు. పెద్ద కళ్లు. ఎడమ కన్ను కొంచెం మెల్ల. నవ్వు ఆపుకుంటోంది."

అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఒక కందిరీగ కుట్టినట్టు అదొక్క మాటే నాలో దిగబడింది.

"మీ గురించి ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం అక్కా. తీసేయమంటే తీసేస్తాను."

నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "తీసెయ్."

"కన్ను ముక్క ఒక్కటేనా?"

"మొత్తం తీసెయ్. నన్నే తీసెయ్."

సరే అంది. వాదించలేదు. ఆ పెద్ద కళ్లతో జాలిగా చూసింది. జాలి! ఆ పిల్లకి నేను మెల్లకన్ను అంటగట్టాను, అది నా మెల్లకన్ను దాచిపెడుతోంది. దాన్ని అసహ్యించుకోవడం ఇంకా కష్టమైపోయింది నాకు. అయినా అసహ్యించుకుంటాను. వెళ్లేటప్పుడు కాఫీ కూడా ఇవ్వలేదు.

నవంబరు 22

హిమబిందు పెళ్లి వీడియో వివరణ చదివి పంపింది. వాసు, ఇంకో ఇద్దరు చూపు లేని మిత్రులు స్పీకరు ఫోనులో కలిసి విన్నారు. నేను ముందు గదిలో గుండీలు కుడుతున్నాను.

పందిరి వచ్చింది, మామిడాకులు వచ్చాయి, మా మావయ్య గారి తలపాగా వచ్చింది, వంటవాడి చేతిలో గరిటె కూడా వచ్చింది. తర్వాత ఖాళీ. ఉత్త బ్యాండు. అది నేను వస్తున్న చోటు.

ఫోనులో ఒకాయన, "ఏటండీ వాసు గారూ, పెళ్లి వీడియోలో అందరూ ఉన్నారు, పెళ్లికూతురే లేదేటి?" అన్నాడు. ఇంకొకాయన, "పోలిరాజు గారు అడగబోయేది ముందు అదే. గరిటె సెప్పినోళ్లు పెళ్లికూతురిని సెప్పలేరా అంటాడు" అన్నాడు.

నేను సూది ఆపి వాసు మొహమే చూశాను.

"పర్లేదు, వదిలెయ్యండి" అన్నాడు. "అక్కడ ఖాళీయే ఉండనియ్యండి."

అంత పట్టుదలగలవాడు. నేనే తీయించానని హిమబిందు చెప్పే ఉంటుంది. నా కోసం అతని పందెంలోంచి ఒక ముక్క కోసిచ్చేశాడు, ఎందుకని కూడా అడగలేదు. గుండీ తప్పు చోట కుట్టాను.

నవంబరు 30, ఆదివారం

సినిమా లేదు. ఏ సినిమా అని అతనూ అడగలేదు.

డిసెంబరు 2

పడుకున్నా ఆ ఖాళీయే వినబడుతోంది. సినిమాల్లో నా చోటు ఆ పిల్లకిచ్చాను. ఇవ్వలేదు, లాక్కుంది. సరే, ఏదో ఒకటి. ఇప్పుడు నా పెళ్లిలో కూడా నా చోటు నేనే ఖాళీ చేసి ఇచ్చాను. రేపు అందరి చెవుల్లోకీ గరిటె వస్తుంది, నేను రాను. వాసు చెవిలోకి కూడా రాను.

మధ్యాహ్నం హిమబిందుకి ఫోన్ చేశాను.

"రేపు ఆ ముక్క నువ్వు సెప్పకు."

"తీసేశాను కదక్కా."

"అది కాదు. నాను సెప్తాను. ఆయన సెవిలో ఆ మాట పడాలంటే నా నోటితోనే పడాలి, నీ నోటితో కాదు. తెలిసిందా?"

"తెలిసిందక్కా" అంది. నవ్వుతోందని గొంతులోనే తెలిసింది. నవ్వుకోనీ.

భయంగా ఉంది. రేపటి తర్వాత అతను నా మొహం తడిమినప్పుడు వేళ్లు ఆ కన్ను దగ్గర ఆగుతాయేమో.

డిసెంబరు 3, బుధవారం

నిద్రపోకముందే అంతా రాసేస్తాను.

పోలిరాజు గారు తెల్ల చొక్కా, ముందు వరసలో. పక్కన ఇంకో రెండు హాళ్ల ఓనర్లు, ఒకరిద్దరు సినిమావాళ్లు, కాలేజీ పిల్లలు. చూపున్న ప్రతి మనిషికీ కళ్లకి నల్లగుడ్డ కట్టారు. ఆ గుడ్డలు కుట్టింది నేనే, పోనీలే అని. ఒక పక్కగా వాసు వాళ్లు. హిమబిందు, నేను పైన ఆపరేటర్ గదిలో, కిటికీ ముందు. మైకు ఒక్కటే. హాలంతటికీ వినబడేలా పెట్టారు.

బొమ్మ పడింది. హిమబిందు మొదలుపెట్టింది. ఒప్పుకోవాలి, పందిరి నిజంగా లేచి నిలబడ్డట్టుంది ఆ గొంతులో. మామిడాకులు వచ్చాయి. తలపాగా వచ్చింది. గరిటె వచ్చింది. మైకు నా వైపు తిప్పింది.

కింద అంతమంది మొహాలు, కట్టేసిన కళ్లు. ఎవరూ నన్ను చూడ్డం లేదు. తెరమీద ఇంత పొడవున నేను నడిచొస్తున్నాను, అది కూడా ఎవరూ చూడ్డం లేదు. ఆ హాల్లో నన్ను చూస్తున్నది నేనూ, హిమబిందూ. మైకు పట్టుకుని తెర కేసే చూస్తున్నాను. హిమబిందు నా వీపు మీద చెయ్యేసింది. తోసేశాను. ఆ కోపంలో మాట వచ్చేసింది.

"పెళ్లికూతురొత్తంది. పొట్టి. పసుపు సీర, ఎర్రంచు. జాకెట్ తనే కుట్టుకుంది, సేతులు సరిగ్గా కుదిరినాయి." ఎవరో కిసుక్కుమన్నారు. "పెద్ద కళ్లు." ఇక్కడ ఆగిపోదామా అనుకున్నాను. వాసు కేసే చూశాను. తల ఒక పక్కకి వంచి, ఎడమ చెవి పైకి పెట్టి కూర్చున్నాడు, మా చివరి వరసలో కూర్చున్నట్టే. "ఎడం కన్ను మెల్ల. ఒక కన్ను పెళ్లికొడుకు మీద..."

వాసు నవ్వాడు.

రెండో కన్ను సంగతి నేనింకా చెప్పనే లేదు. అంతమందిలో అతనొక్కడే, తల వెనక్కి వేసి, గొల్లున నవ్వేశాడు. తర్వాత నేను చెప్పాను. "రెండోది భోజనాల బంతి మీద." అప్పుడు హాలంతా నవ్వింది. పోలిరాజు గారు భుజాలు కదిలేలా నవ్వాడు.

నాకన్నా ముందు నవ్వాడు. అంటే తెలుసు. మైకు హిమబిందు వైపు తిప్పేసి అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. మిగిలిందంతా హిమబిందే చెప్పింది.

పోలిరాజు గారు గుడ్డ విప్పుకుని, "ఏటోగానమ్మా, నాకూ ఆ బంతి దగ్గరకెళ్లి ఒక లడ్డు తినాలనిపించింది. స్లయిడు వేత్తాను. మనిషిని కూడా పెడతాను" అన్నాడు. పక్క ఓనర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాసుని అందరూ చుట్టుముట్టారు.

ఇంటికొచ్చే ఆటోలో అడిగాను.

"ఎప్పుడు తెలుసు?"

"పెళ్లిలోనే. మా రోజారమణి పిన్ని సెప్పింది గదా. 'పిల్ల బంగారంరా నాయనా, ఎడం కన్నే కాస్త మెల్ల' అని నా సెవిలో. వీడియోలో కూడా ఉంది, బేండు ఆగిన సోట. నువ్వినలేదా?"

నేనెప్పుడు విన్నాను?

"నువ్వు సూత్తావే గానీ ఇనవు సూరీ."

"మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

"నీ కన్ను, నీ ఇష్టం. ఎప్పుడైనా నువ్వే సెప్తావులే అనుకున్నాను. బతికుండగా సెప్పినావు, అదే సంతోషం."

ఆటోలోనే ఏడ్చాను. ఆటోవాడు అద్దంలో చూశాడు. చూసుకోనీ, ఎదురుగానే చూసుకోనీ.

డిసెంబరు 7, ఆదివారం

పోలిరాజు గారి హాలు. స్లయిడు వేశారు, అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి. చివరి వరస, గోడ పక్క. వాసు కుడి చెవిలో హిమబిందు. ఎడమ చెవిలోది తీసి జేబులో పెట్టుకున్నాడు.

నేను పాప్‌కార్న్ తింటూ కూర్చున్నాను. నాకేం పని లేదు, అంతా ఆ పిల్ల చెబుతోంది. ఎంత బాగా చెబుతోందో నేను మాత్రం ఈ జన్మలో ఒప్పుకోను. హీరోయిన్ వచ్చింది. వాసు నా వైపు వంగాడు.

"ఎలగుంటాదే?"

"ఆవిడ సెప్పలేదా?"

"సెప్పింది. నువ్వు సెప్పు."

తెర కేసి చూశాను. సన్నగా, తీగలా ఉంది. గొలుసు ఉంది, జాకెట్ చేతులు కూడా బాగానే కుదిరాయి. రెండు కళ్లూ తిన్నగానే ఉన్నాయి, పాపం.

"మెల్లకన్ను" అన్నాను.

"ఓహో" అన్నాడు వాసు. "అయితే అందగత్తే అన్నమాట."